పాసైన యాప్‌ను వాడేవాళ్ల చేతిలో పెట్టి పరీక్షించడం ఎలా

ఇంటికొచ్చి రక్త నమూనా తీసుకెళ్లే ఒక ల్యాబ్ యాప్‌కి కొన్నేళ్ల కిందట నేను టెస్టింగ్ చేశాను. నాలుగు వందలకు పైగా టెస్ట్ కేసులు, అన్నీ పాస్. రిలీజైన వారంలోనే కాల్ సెంటర్‌కి ఫోన్లు మొదలయ్యాయి. "పొద్దున ఆరున్నరకి వస్తారన్నారు, పది దాటింది, ఎవరూ రాలేదు." ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది షుగర్ ఉన్న పెద్దవాళ్లు. ఫాస్టింగ్ పరీక్ష కదా, రాత్రి నుంచి ఏమీ తినకుండా కూర్చున్నారు. సిస్టమ్‌లో చూస్తే వాళ్ల బుకింగే లేదు.

జరిగింది ఇది. టైమ్ స్లాట్ నొక్కగానే దాని పక్కన పచ్చ టిక్కు వచ్చేది. బుకింగ్ ఖాయమవ్వాలంటే అదే పేజీలో కింద ఉన్న ‘కన్ఫర్మ్’ నొక్కాలి. చిన్న ఫోన్లలో ఆ బటన్ స్క్రీన్ దాటి కిందికి పోయింది, పేజీ పైకి జరిపితే తప్ప కనిపించదు. పచ్చ టిక్కు చూశారు, అయిపోయిందనుకున్నారు, ఫోన్ పక్కన పెట్టేశారు. "స్లాట్ నొక్కితే పచ్చ టిక్కు కనిపించాలి" అని నేను రాసిన కేసు పాస్. "కన్ఫర్మ్ నొక్కితే బుకింగ్ నంబరు రావాలి" అన్న కేసూ పాస్. ఆ రెండింటి మధ్య మనిషి ఏమనుకుంటాడన్న ప్రశ్న నా షీటులో ఎక్కడా లేదు.

ఆ తర్వాత నేను పని చేసే తీరు మార్చుకున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీరు అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్నా, మాదాపూర్‌లో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నా దీన్ని రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. డిజైన్ కోర్సు చదవక్కర్లేదు, ఖరీదైన టూల్ కొనక్కర్లేదు.

ముందు ఇది మీ పనే అని ఒప్పించండి

"యూజర్ ఎక్స్‌పీరియన్స్ చూసుకోవడానికి డిజైన్ టీమ్ ఉంది, నువ్వు ఫంక్షనాలిటీ చూడు" అని మీ లీడ్ అనొచ్చు. వాదన పెట్టుకోకుండా ప్రమాణాలు చూపించండి. సాఫ్ట్‌వేర్ నాణ్యత అంటే ఏమిటో చెప్పే ఐఎస్‌ఓ/ఐఈసీ 25010 ప్రమాణం 2011లో నాణ్యతకు 8 లక్షణాలు చెప్పింది. వాటిలో భద్రత, వేగం ఎలా ఉన్నాయో సులువుగా వాడగలగడం కూడా అలాగే ఉంది. 2023 సవరణలో దాని పేరు మారింది కానీ స్థానం పోలేదు. ఐఎస్‌ఓ 9241-11 అనే మరో ప్రమాణం దీన్ని మూడు ప్రశ్నలుగా విడగొడుతుంది: వాడే మనిషి అనుకున్న పని పూర్తి చేయగలిగాడా, దానికి ఎంత శ్రమ, ఎంత సమయం పట్టింది, చివరికి తృప్తిగా అనిపించిందా. ఈ మూడూ కొలవగలిగేవే. కొలవగలిగేది ఏదైనా టెస్టర్ పనే.

మనిషిని, చోటును, ఫోన్‌ను రాసుకోండి

టెస్ట్ ప్లాన్‌లో బ్రౌజర్ వెర్షన్లు, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్లు రాస్తాం. వాటి పక్కనే మనిషిని కూడా రాయండి. "60 ఏళ్లు దాటిన వ్యక్తి" అని ఒక్క ముక్కలో సరిపెట్టొద్దు. నేను ఇలా రాస్తాను: "కూకట్‌పల్లిలో ఉండే పెద్దాయన. కొడుకు వాడి ఇచ్చిన పాత ఫోన్. కళ్లద్దాలు ఎప్పుడూ దగ్గర ఉండవు కాబట్టి ఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవి పెట్టుకున్నాడు. తెలుగు చదువుతాడు, ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుంటాడు. రేపు పొద్దున ఇంటి దగ్గరే షుగర్ టెస్ట్ చేయించుకోవాలి."

ఇలాంటివి మూడు చాలు. మీ యాప్‌ని బట్టి మనుషులు మారతారు. సరుకుల యాప్ అయితే మోండా మార్కెట్‌లో హోల్‌సేల్ కొట్టు నడిపే ఆయన, ఎండలో నిలబడి, ఒక చేత్తో సంచి పట్టుకుని ఫోన్ చూస్తాడు. టికెట్ల యాప్ అయితే సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్‌కి పరిగెడుతున్న అమ్మాయి, కమ్మీ పట్టుకోవడానికి ఒక చెయ్యి, ఫోన్‌కి ఒక బొటనవేలు. మన ఆఫీసులో ఏసీ, వైఫై, పెద్ద మానిటర్, టేబుల్ మీద ఖరీదైన ఫోన్ ఉంటాయి. వాడేవాళ్లలో చాలామందికి వీటిలో ఒక్కటీ ఉండదు.

వీలైతే ఒక పూట బయటికి వెళ్లి చూడండి. ఎర్రగడ్డ రైతుబజార్‌లో గంట నిలబడితే యూపీఐ చెల్లింపును జనం నిజంగా ఎలా చేస్తారో తెలుస్తుంది. డబ్బు పంపినవాళ్లు స్క్రీన్ ఎత్తి చూపిస్తారు. అమ్మేవాళ్లు చాలాసార్లు స్క్రీన్ కాకుండా స్పీకర్ బాక్స్ చెప్పే మాటనే నమ్ముతారు. "పని అయింది" అన్న నమ్మకం ఎక్కడ కలుగుతోందో అక్కడ గమనించండి. మీ యాప్‌లో ఆ నమ్మకం ఎక్కడ కలుగుతుందో తర్వాత వెతకాల్సింది మీరే.

రిక్వైర్‌మెంట్ దశలోనే వాక్యాన్ని మార్చండి

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే టెస్టింగ్ ఇది. కోడ్ రాయకముందే, స్టోరీ (యాప్‌లో ఒక పనిని వివరించే చిన్న రాత) మీద చర్చ జరిగేటప్పుడే అంగీకార షరతులను, అంటే ఆ పని ఎప్పుడు పూర్తయినట్టో చెప్పే వాక్యాలను చదవండి. అవి దాదాపు ఎప్పుడూ స్క్రీన్ గురించే మాట్లాడతాయి. వాటిని మనిషి గురించి మాట్లాడేలా తిరగరాయమని అడగండి.

"స్లాట్ ఎంచుకున్నప్పుడు పచ్చ టిక్కు చూపాలి" అని ఉంటే, "స్లాట్ ఎంచుకున్న తర్వాత, బుకింగ్ ఇంకా పూర్తి కాలేదని, మిగిలిన పని ఏమిటో యూజర్ చెప్పగలగాలి" అని మార్చండి.

"తప్పు ఓటీపీకి ఎర్రర్ మెసేజ్ రావాలి" అని ఉంటే, "తప్పు ఓటీపీ వేసినవారు ఎవరి సాయమూ లేకుండా రెండో ప్రయత్నంలో లోపలికి వెళ్లగలగాలి" అని.

"పేమెంట్ ఫెయిలైతే ఫెయిల్యూర్ పేజీ చూపాలి" అని ఉంటే, "డబ్బు కట్ అయిందో లేదో, అయితే ఎప్పటికి తిరిగొస్తుందో ఆ పేజీ చదివినవారికి తెలియాలి" అని.

ఇలా మార్చినప్పుడు డెవలపర్, బిజినెస్ అనలిస్టు ఇద్దరూ ఆగి ఆలోచిస్తారు. "అవును, డబ్బు కట్ అయ్యుంటే ఏం చెప్పాలి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న ఆ గదిలోనే వస్తే పది నిమిషాల మాట. జనం వాడుతున్న యాప్‌లో (ప్రొడక్షన్‌లో) వస్తే ఎవరిదో డబ్బు ఇరుక్కుపోయి ఉంటుంది.

బిల్డ్ రాగానే మీరొక్కరే ఒకసారి నడవండి

సులువుగా వాడగలగడం (యూజబిలిటీ) మీద పనిచేసిన నిపుణుడు జాకబ్ నీల్సన్ 1994లో ఖరారు చేసిన 10 సూత్రాలు ఉన్నాయి. మొత్తం జాబితాను ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. నేను ఎప్పుడూ ముందు చూసేవి నాలుగు: ఇప్పుడు ఏం జరుగుతోందో సిస్టమ్ చెబుతోందా, వాడేవాళ్ల మాటలే వాడిందా, పొరపాటు చేస్తే వెనక్కి రావచ్చా, ఎర్రర్ మెసేజ్ దారి చూపిస్తోందా.

ఎర్రర్ మెసేజ్‌ల కోసం ఒక గంట విడిగా కేటాయించండి. "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని వస్తే అది బగ్గే, నిస్సంకోచంగా రాయండి. "మొబైల్ నంబరులో 10 అంకెలు ఉండాలి, మీరు 9 వేశారు" అని ఉండాలి. అలాగే తప్పు చూపించాక అప్పటిదాకా నింపిన ఫారం ఖాళీ అయిపోతుందేమో చూడండి. కష్టపడి టైప్ చేసిన చిరునామా మాయమైతే చాలామంది రెండోసారి ప్రయత్నించరు.

వేగం విషయంలో పాత కొలతలే ఇప్పటికీ పనికొస్తాయి. నొక్కిన 0.1 సెకనులోపు స్పందన వస్తే వెంటనే జరిగినట్టు అనిపిస్తుంది. 1 సెకను వరకు ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే పనిమీదికి పోతుంది. వెబ్‌సైటు అయితే గూగుల్ చెప్పే లెక్కలు కూడా చూసుకోండి: పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి.

మన ఊరి డేటాతో కొట్టి చూడండి

ఇంటర్నెట్‌లో దొరికే టెస్ట్ డేటాలో పేర్లు జాన్, స్మిత్ అని ఉంటాయి, చిరునామాల్లో స్ట్రీట్ నంబర్లు ఉంటాయి. వాటితో పాసైన ఫారం హైదరాబాద్ మనిషి దగ్గర ఆగిపోతుంది. ఈ భాగాన్ని తొందరపడకుండా చేయండి.

పేరుతో మొదలుపెట్టండి. మనలో చాలామందికి ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని ఒక్క అక్షరంతో రాస్తాం. లాస్ట్ నేమ్ గడిలో ‘కె’ అని వేస్తే "కనీసం 2 అక్షరాలు ఉండాలి" అంటుందా? ఇనీషియల్ తర్వాత చుక్క పెడితే ఒప్పుకుంటుందా? పాతబస్తీలో ఒక్క మాట పేరే ఉన్నవాళ్లు ఉంటారు, నాలుగు మాటల పేరున్నవాళ్లూ ఉంటారు. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా పేరున్నవాళ్లు ఎంతోమంది. సరిపోలకపోతే మీ యాప్ ఏం చెబుతుంది? "వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని ఊరుకుంటే ఆ మనిషి తనే ఏదో తప్పు చేశానని భయపడతాడు.

తర్వాత ఇంటి నంబరు. 1-2-345/6/ఏ లాంటి నంబరు వేసి చూడండి. అడ్డగీతలు, ఏటవాలు గీతలు ఉన్నాయని "స్పెషల్ క్యారెక్టర్లు అనుమతించబడవు" అనే ఫారాలను నేను ఎన్నోసార్లు చూశాను. ఈ ఊళ్లో ఇంటి నంబర్లే అలా ఉంటే, ఆ ఫారం ఊరి మొత్తాన్నీ బయట నిలబెట్టినట్టే. చిరునామాలో "పోచమ్మ గుడి ఎదురు సందు, మెడికల్ షాప్ పైన" అని రాయడానికి చోటుందా? నమూనా తీసుకోవడానికి వచ్చే అబ్బాయి ఇల్లు కనుక్కునేది దాన్ని బట్టే. పిన్‌కోడ్ 6 అంకెలూ వేశాక ప్రాంతం పేరు తనంతట తానే వస్తే, అది తప్పు వచ్చినప్పుడు మార్చుకునే వీలుందో లేదో చూడండి. డబ్బును 1,00,000 అని చూపిస్తోందా, 100,000 అనా? తేదీలో ముందు రోజు ఉందా, నెల ఉందా?

ఇక తెలుగు లిపి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఏమైందో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కోడ్ వరసలో మెసేజ్‌గా పంపితే ఐఓఎస్ 11లో మెసేజ్‌ల యాప్ కూలిపోయేది. ఆపిల్ అదే నెలలో 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అంత పెద్ద సంస్థలోనే మన అక్షరం ఒకటి పరీక్ష దాటి బయటికి పోయింది. కాబట్టి మీ టెస్ట్ డేటాలో ‘జ్ఞానేశ్వరి’, ‘స్త్రీ’, ‘క్ష్మి’, ‘ర్థ్య’ తప్పకుండా ఉండాలి.

చూడాల్సినవి ఏమిటంటే: వత్తులు కింద కోసుకుపోతున్నాయా? ఇంగ్లిష్‌కి సరిపోయేలా పెట్టిన బటన్ ఎత్తులో ‘రద్దు’ అన్న మాటలో కింది ద వత్తు సగమే కనిపిస్తుంది. తెలుగు మాట పొడవై మూడు చుక్కలుగా మారిపోతోందా? అక్షరాల పరిమితి ఎలా లెక్కపెడుతున్నారు? ‘లక్ష్మి’ కంటికి రెండే అక్షరాలు, యూనికోడ్ లెక్కలో 7. పేరుకి 20 అక్షరాలని పరిమితి పెడితే తెలుగులో మూడు నాలుగు మాటల పేరు మధ్యలో తెగిపోవచ్చు. ఎస్‌ఎంఎస్ కూడా అంతే. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టే ఒక మెసేజ్‌లో తెలుగు 70 మాత్రమే పడుతుంది. ఓటీపీ అంకెలు ఆ మెసేజ్ చివర్లో ఉంటే నోటిఫికేషన్‌లో కనిపించకపోవచ్చు. అంకెలు ముందు పెట్టమనండి.

అనువాదాన్ని విడిగా చదవకండి, స్క్రీన్ మీద పెట్టి చదవండి. ‘హోమ్’ని ‘ఇల్లు’ అని, ‘బుక్’ని ‘పుస్తకం’ అని, ‘సేవ్’ని ‘రక్షించు’ అని మార్చిన స్క్రీన్లు ఉన్నాయి. ఫైల్‌లో చదివేటప్పుడు అనువాదకుడికి ఆ మాట ఎక్కడ వాడతారో తెలియదు. మీకు తెలుసు. ‘సమర్పించు’ కంటే ‘పంపండి’ అందరికీ అర్థమవుతుంది. ‘ఓటీపీ’ని ‘ఓటీపీ’ అనే వదిలేయండి, దానికి తెలుగు మాట పెడితే ఎవరికీ అర్థం కాదు. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. మీ యాప్‌లో అది కూడా ఉంటే కుడి నుంచి ఎడమకు రాసేటప్పుడు బాణం గుర్తులు, ఫోన్ నంబర్లు ఎటు తిరుగుతున్నాయో ఉర్దూ చదవగలిగిన మనిషికి చూపించి అడగండి.

ఇబ్బంది పెట్టి చూడండి

ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు చివరిదాకా పెంచండి. డిస్‌ప్లే సైజు కూడా. ఇప్పుడు మొత్తం పని చేయండి. నా ల్యాబ్ యాప్ కథలో కన్ఫర్మ్ బటన్ మాయమవ్వడం ఈ ఒక్క పరీక్షతో ముందే దొరికేది, రెండు నిమిషాల పని.

నెట్‌వర్క్ నెమ్మది చేసి చూడండి. వెబ్ అయితే క్రోమ్‌లోని డెవలపర్ టూల్స్‌లోనే ఆ సదుపాయం ఉంది. ఫోన్ అయితే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగండి, లిఫ్ట్ ఎక్కండి. ‘పే’ నొక్కి లిఫ్ట్‌లోకి వెళ్లి బయటికి వస్తే ఏం కనిపిస్తోంది? మళ్లీ నొక్కితే రెండుసార్లు డబ్బు పోతుందా? మధ్యలో ఫోన్ కాల్ వస్తే? బ్యాక్ నొక్కితే?

ఓటీపీ గురించి ఒక ముఖ్యమైన విషయం. మన ఇళ్లలో అమ్మానాన్నల ఖాతాలకు పిల్లల నంబరు ఇచ్చి ఉండటం చాలా మామూలు. ఓటీపీ అమెరికాలో నిద్రపోతున్న కొడుకు ఫోన్‌కి వెళుతుంది. అతను లేచి, చూసి, వాట్సాప్‌లో పంపేలోపు 30 సెకన్ల టైమర్ అయిపోతుంది. రెండు ఫోన్లతో, రెండు నిమిషాల ఆలస్యంతో ఈ కేసు నడిపి చూడండి. గడువు పెంచాలా వద్దా అన్నది సెక్యూరిటీ టీమ్‌తో కలిసి తేల్చాల్సిన సంగతి. గడువు అయిపోయాక స్క్రీన్ ఏం చెబుతుందన్నది మాత్రం మీరు ఇప్పుడే తేల్చొచ్చు.

కళ్లు మూసుకుని వాడండి, ఆ తర్వాత చూపు లేనివారిని అడగండి

స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను ఆన్ చేయండి: ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. స్క్రీన్ చూడకుండా లాగిన్ నుంచి బుకింగ్ దాకా వెళ్లడానికి ప్రయత్నించండి. "బటన్, బటన్, పేరు లేని బటన్" అని వినిపిస్తే ఎక్కడ లేబుల్ లేదో దొరికిపోయినట్టే. విండోస్ కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో మాత్రమే ఫారం నింపండి. వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు అంతర్జాతీయంగా పాటించే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. 2023లో వచ్చిన 2.2 వెర్షన్ నొక్కే చోటు కనీసం 24 బై 24 పిక్సెళ్లు ఉండాలంటుంది. వేళ్లతో వాడే ఫోన్‌కి అంతకంటే పెద్దదే మంచిది, ఆండ్రాయిడ్ సలహా 48 డీపీ (స్క్రీన్‌కు తగ్గట్టు మారే కొలత). లేత బూడిద రంగు అక్షరాలు మే నెల మధ్యాహ్నం చార్మినార్ దగ్గర ఎండలో చూపు బాగున్నవాళ్లకూ కనిపించవు.

ఇది దయతో చేసే పని అనుకోకండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు తనిఖీ) కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. యాసిడ్ దాడికి గురైనవారు, చూపు లేనివారు వేసిన కేసు అది. కెమెరా ముందు కళ్లు ఆర్పమని అడిగే ఫీచర్‌ను టెస్ట్ చేస్తున్నప్పుడు, ఆర్పలేనివాళ్లకు వేరే దారి ఉందా అన్న కేసు మీ షీటులో ఉండాలి.

మీరు కళ్లు మూసుకుని చేసేది మొదటి వడపోత మాత్రమే. రోజూ స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల వేగం, అలవాట్లు వేరు. వాళ్లను పిలిచి, వాళ్ల సమయానికి డబ్బిచ్చి పరీక్ష చేయించమని మీ కంపెనీని అడగండి.

అయిదుగురితో కూర్చోండి

ఇది మొత్తం పద్ధతికి గుండెకాయ. మిగతావన్నీ కుదరకపోయినా ఇది వదలకండి.

అయిదుగురు చాలా అని అందరూ అడుగుతారు. నీల్సన్ లెక్క ప్రకారం అయిదుగురితో దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయి. ఇది అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. రోగులు, నమూనా సేకరించే అబ్బాయిలు వేరువేరు గుంపులు, ఒక్కో గుంపుకి విడిగా అయిదుగురు కావాలి. ఒకేసారి పదిహేనుమందితో చేసే బదులు అయిదుగురితో చేసి, సరిదిద్ది, మళ్లీ అయిదుగురితో చేయడం మేలు.

మీ టీమ్‌వాళ్లను తీసుకోవద్దు, వాళ్లకు యాప్ తెలుసు. ఇంట్లో అత్తయ్య, పక్కింటి అంకుల్, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య, వీళ్లతో మొదలుపెట్టొచ్చు. ఆఫీసు సెక్యూరిటీ గార్డుని, క్యాంటీన్ అన్నని అడగాలనుకుంటే వాళ్ల డ్యూటీ లేనప్పుడు అడగండి, సమయానికి తగిన డబ్బు ఇవ్వండి, ఇష్టం లేకపోతే వద్దనొచ్చని ముందే చెప్పండి. వాళ్ల ఆధార్ నంబరు, వాళ్ల బ్యాంకు ఖాతా వాడొద్దు. డమ్మీ డేటా కాగితం మీద రాసి ఇవ్వండి. వీడియో తీయాలంటే అనుమతి అడగండి, ముఖం అక్కర్లేదు, చేతులు, స్క్రీన్ చాలు.

మొదలుపెట్టేముందు ఈ మాట చెప్పండి: "అమ్మా, మేం పరీక్షిస్తున్నది ఈ యాప్‌ని. మిమ్మల్ని కాదు. మీకు ఎక్కడ ఇబ్బంది అయితే అక్కడ తప్పు మాది. చేస్తున్నప్పుడు మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ ఉండండి." తర్వాత పని ఇవ్వండి. "స్లాట్ ఎంచుకుని కన్ఫర్మ్ నొక్కండి" అంటే దారి మీరే చెప్పేసినట్టు. "రేపు పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లేలా ఏర్పాటు చేసుకోండి" అనండి. స్క్రీన్ మీద ఉన్న మాటలు మీ నోట రాకూడదు.

ఆ తర్వాత నోరు మూసుకోవాలి. అన్నిటికంటే కష్టం ఇదే. పెద్దావిడ తప్పు బటన్ మీద వేలు పెడుతుంటే మన చెయ్యి తనంతట తనే ముందుకు పోతుంది. చేతులు ఒళ్లో పెట్టుకోండి. "ఇప్పుడేం చేయాలి బాబూ?" అని అడిగితే, "నేను పక్కన లేకపోతే ఏం చేసేవాళ్లు?" అని మెల్లగా అడగండి. ఆమె ఆగిన చోటు, వెనక్కి వెళ్లిన చోటు, స్క్రీన్‌ను దగ్గరికి తెచ్చుకున్న చోటు, నిట్టూర్చిన చోటు, టైముతో సహా రాసుకోండి. బాగా టెన్షన్ పడుతున్నారనిపిస్తే మాత్రం ఆపేయండి, ఏ బగ్ కోసమూ ఎవరినీ చిన్నబుచ్చకూడదు.

మనవాళ్ల మర్యాద ఒకటి గుర్తుపెట్టుకోవాలి. "ఎలా ఉందండీ?" అంటే "బాగుందండీ" అనే అంటారు. ఎదురుగా కూర్చుని టీ ఇచ్చినవాడి మొహం మీద బాగాలేదని మనం అనం. కాబట్టి అభిప్రాయం అడగకండి, అర్థమైంది అడగండి. "ఇప్పుడు ఏం జరిగిందనుకుంటున్నారు?", "ఈ బటన్ నొక్కితే ఏమవుతుందనుకుంటున్నారు?", "ఇప్పుడు బుకింగ్ అయినట్టా, కానట్టా?" ఈ చివరి ప్రశ్నను ప్రతి సెషన్‌లో అడుగుతాను. ఇంకోటి, "నాకే చదువు సరిగ్గా రాదు, నా తప్పే" అని చాలామంది అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ మీ షీటులో యాప్ తప్పుగా రాసుకోండి.

తిప్పి పంపలేని బగ్ రాయండి

"యూజర్‌కి కన్‌ఫ్యూజింగ్‌గా ఉంది" అని రాస్తే బగ్‌లలో ఏది ముందు సరిచేయాలో తేల్చే ట్రయాజ్ మీటింగ్‌లో "డిజైన్ ప్రకారమే ఉంది" అని మూసేస్తారు. నేను ఆ ల్యాబ్ యాప్‌కి రాసిన బగ్ ఇలా ఉంది:

శీర్షిక: స్లాట్ ఎంచుకోగానే బుకింగ్ అయిపోయిందనుకుని యాప్ మూసేస్తున్నారు.
ఎవరు, ఏ ఫోన్: 55–70 ఏళ్లవారు 5 మంది, 5.5 అంగుళాల స్క్రీన్, పెద్ద అక్షరాలు.
ఇచ్చిన పని: రేపు పొద్దున 7 గంటలకు ఇంటి దగ్గర నమూనా ఇచ్చే ఏర్పాటు.
జరిగింది: 5 మందిలో 4 మంది కన్ఫర్మ్ నొక్కలేదు. "బుకింగ్ అయిందా?" అంటే నలుగురూ అయిందన్నారు.
నష్టం: బుకింగ్ ఉండదు. రోగి ఖాళీ కడుపుతో ఎదురుచూస్తాడు.
కావలసింది: కన్ఫర్మ్ చేయకముందు, బుకింగ్ ఇంకా కాలేదని 5 మందిలో కనీసం 4 మంది చెప్పగలగాలి.
జత: 40 సెకన్ల వీడియో.

ఆ వీడియో మీటింగ్‌లో వేసినప్పుడు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. డెవలపర్ ఆ రోజే మార్పు మొదలుపెట్టాడు. తీవ్రత నిర్ణయించడానికి మూడు చూడండి: ఎంతమందికి వస్తోంది, వస్తే నష్టం ఎంత, ఒకసారి తెలిశాక దాటుతున్నారా లేక ప్రతిసారీ పడుతున్నారా. పరిష్కారాన్ని మీరే ఖాయం చేసి రాయొద్దు. సమస్యను స్పష్టంగా చెప్పి, దారి డిజైనర్‌కి వదిలేయండి.

మేనేజ్‌మెంట్‌కి ఒక అంకె కావాలంటే ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) వాడండి. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన 10 వాక్యాల ప్రశ్నాపత్రం ఇది. ప్రతి వాక్యానికీ 1 నుంచి 5 దాకా మార్కు. బేసి సంఖ్య వాక్యాలకు మార్కులోంచి 1 తీసేయాలి, సరి సంఖ్య వాక్యాలకు 5లోంచి మార్కు తీసేయాలి, మొత్తాన్ని 2.5తో హెచ్చవేయాలి. సగటు 68 అంటారు. ఇది శాతం కాదని స్లైడు మీదే రాయండి, లేకపోతే 68 చూసి ఫస్ట్ క్లాస్ అనుకుంటారు. అయిదుగురి స్కోరుతో పెద్ద నిర్ణయాలు తీసుకోకండి.

మళ్లీ అదే ప్రశ్న

ఫిక్స్ వచ్చాక బటన్ కదిలిందని చూసి బగ్ మూసేయకండి. ఇంతకుముందు యాప్ చూడని కొత్తవాళ్లు అయిదుగురిని తీసుకుని, అదే ఫోన్, అదే అక్షరాల సైజు, అదే పని ఇవ్వండి. మా ల్యాబ్ యాప్‌లో పచ్చ టిక్కు తీసేసి, స్లాట్‌కి నీలం అంచు పెట్టారు. స్క్రీన్ కింద కదలకుండా ఉండే పట్టీలో "ఇంకా బుక్ కాలేదు, ఖాయం చేయండి" అని తెలుగులో వచ్చింది. ఖాయం చేశాకే పచ్చ టిక్కు, దాంతోపాటు, నమూనా తీసుకునే అబ్బాయి ఏ టైముకి వస్తాడో చెప్పే ఎస్‌ఎంఎస్.

రెండో రౌండ్‌లో అయిదుగురూ పూర్తి చేశారు. ఒకావిడ మాత్రం పట్టీ చదివాక కూడా చాలాసేపు ఆగింది. ఎందుకని అడిగితే "ఇది నొక్కితే డబ్బులు కట్ అవుతాయేమోనని" అంది. ఆ మాటతో ఇంకో బగ్ రాశాను: ఇంటికొచ్చాకే డబ్బు కట్టొచ్చని ఆ బటన్ పక్కనే చెప్పాలి.

పెద్ద అక్షరాల పరీక్ష, చిన్న స్క్రీన్ పరీక్ష, ఇంటి నంబరు, ఒక్క అక్షరం ఇంటిపేరు, వత్తులు, వీటన్నిటినీ ప్రతి మార్పు తర్వాత మళ్లీ నడిపే రిగ్రెషన్ సూట్‌లో చేర్చండి. ఆటోమేట్ చేయగలిగినవి చేయండి. "బుకింగ్ అయినట్టా, కానట్టా?" అన్నది ఏ స్క్రిప్టూ అడగలేదు. దాని కోసం ప్రతి పెద్ద రిలీజ్‌కి ముందు టెస్ట్ ప్లాన్‌లో ఒక పూట, అయిదుగురు మనుషులు, అయిదు కప్పుల టీ అని రాసి అప్రూవల్‌కి పంపండి.